ఆరో సాసరు

సారపాక కాగితం మిల్లులో అకౌంట్స్ గుమాస్తాగా పనిచేసే వెంకటరామారావు మాట ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. మనిషి మంచివాడే. ఆఫీసులో నలుగురూ వాదించుకుంటుంటే తను కాగితాలు సర్దుకుంటూ వింటూ ఉండేవాడు. దమ్మపేటలో తండ్రి చెంచురామయ్య కూడా పొలం సంగతైనా, పెళ్లి సంగతైనా పెద్దకొడుకునే అడిగేవాడు. చిన్నవాడిని ఏదైనా అడగాలని ఆయనకు ఎప్పుడూ తోచలేదు. అట్లాంటి మనిషి చుట్టూ తొంభై రెండో సంవత్సరం మొదట్లో జనం చేరడం మొదలైంది. అందుకు కారణం షేర్లు.

అప్పట్లో బొంబాయి మార్కెట్టు పూనకం వచ్చినట్టు పెరుగుతోంది. టీ కొట్టు దగ్గర కూడా అదే మాట. వెంకటరామారావు అందరిలా ఎవరో చెప్పిన షేరు కొనేసే రకం కాదు. హైదరాబాదు నుంచి వచ్చే ఇంగ్లీషు పేపరు మధ్యాహ్నం బస్సులో దిగేది. సాయంత్రం అందులో ధరలు చూసి, గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో చుక్కలు పెట్టి, చుక్కల్ని కలిపి గీతలు గీసేవాడు. ఒక కాగితం అయిపోతే ఇంకొకటి జిగురుతో అతికించేవాడు. అట్లా అతికించిన కాగితాలు పడగ్గది గోడ పొడుగునా వేలాడేవి. "ఇంటికి సున్నం వేయిస్తారనుకుంటే ఇదేం అలంకారమండీ" అని భార్య హైమ నవ్వేది.

ఆ గీతల్లో ఒకటి ఒక టైర్ల కంపెనీది. చాలాకాలం మెల్లగా దిగి, అడుగున కదలకుండా పడి ఉండి, ఈమధ్యే మళ్లీ మెల్లగా లేస్తోంది. ఎవరో ఇచ్చిన జిరాక్సు పుస్తకంలో ఆ ఆకారానికి సాసరు అని పేరు రాసి ఉంది. వెంకటరామారావుకి ఆ పేరు తెగ నచ్చింది. ఆఫీసులో ఆ మాట అన్నాక మిగతావాళ్లకీ ఆసక్తి పుట్టింది. ఆదివారం మధ్యాహ్నం ఇంటికి వస్తాం, వివరంగా చెప్పండి అన్నారు.

ఆ ఆదివారం హైమ ఇంట్లో లేదు. పక్క క్వార్టరులో ఉండే బుల్లెమ్మగారితో కలిసి గోదావరి వంతెన దాటి భద్రాచలంలో మ్యాట్నీకి వెళ్లింది. ఇంటికి వచ్చినవాళ్లలో మిల్లులో ఎలక్ట్రీషియన్ ఎల్లస్వామి, స్టోర్సులో పనిచేసే బసవపున్నయ్య, ఇంకో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఎల్లస్వామిది కొత్తగూడెం, తండ్రి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. గోడ మీది గీతను అతను చాలాసేపు చూసి తల గోక్కున్నాడు.

"సాసర్ అంటున్నరు గానీ సార్, నాకైతే వంకర గీత లెక్కనే కనబడుతున్నది."

వెంకటరామారావు ముందుగదిలోకి వెళ్లి అద్దాల బీరువా తెరిచాడు.

ఆ బీరువాలో పైఅరలో హైమ తల్లి సీతారావమ్మ ఇచ్చిన టీ సెట్టు ఉంది. ఆరు కప్పులు, ఆరు సాసర్లు. మీగడ రంగు పింగాణీ, అంచు చుట్టూ సన్నటి నీలం గీత. ఆవిడ రాజమండ్రిలో ఏరి ఏరి కొని కూతురికి ఇచ్చింది. పెళ్లయిన మరుసటేడే చనిపోయింది. ఇంటికి ముఖ్యమైన చుట్టాలు వస్తే తప్ప హైమ ఆ సెట్టు దించేది కాదు. కడగడం కూడా తనే. వెంకటరామారావుకు ఇదంతా తెలుసు. అయినా ఆ క్షణంలో గుర్తుకు వచ్చింది, వంటింట్లో ఉన్నవన్నీ స్టీలు గ్లాసులేనని మాత్రమే.

అతను సాసరును కళ్ల ఎత్తుకు పట్టుకుని అంచు మీద వేలు పెట్టాడు.

"పక్కనించి చూడండి. ధర ఇక్కడుంది. ఇట్లా జారుతుంది, కానీ ధడాల్న పడదు. మెల్లగా, ఎవరికీ భయం పుట్టకుండా దిగుతుంది. ఇదిగో ఈ అడుగుకి వచ్చేసరికి ఆ షేరంటే అందరికీ విసుగు. కొనేవాడుండడు, అమ్మేవాడుండడు. తర్వాత ఈ పక్కనించి ఎక్కడం మొదలుపెడుతుంది. ఈ రెండో అంచు దాటిందనుకోండి, ఇక పట్టుకోలేం."

"మరి కప్పులాగ నిటారుగా పడి లేస్తే?" అన్నాడు బసవపున్నయ్య.

"అది నమ్మొద్దు. ఎంత జోరుగా లేచిందో అంత జోరుగా పడుతుంది. సాసరు నిదానం. నిదానాన్ని నమ్మొచ్చు."

"అబ్బ, గిప్పుడు సమజైంది సార్!" అంటూ ఎల్లస్వామి తొడ మీద చరుచుకున్నాడు. అందరూ ఆ సాసరును చేతులు మార్చుకుంటూ చూశారు. వేళ్లు పెట్టి అంచు నుంచి అంచుకు జరిపారు. తన ఇంట్లో, తన మాట కోసం ఇంతమంది కూర్చోవడం వెంకటరామారావు జీవితంలో అదే మొదటిసారి.

వాళ్లు వెళ్లాక సాసరు మీద వేలిముద్రలు కనిపించాయి. హైమ కనిపెడుతుందని దొడ్లో తొట్టి దగ్గర కడగబోయాడు. సబ్బు చేతిలో సాసరు జారింది. సిమెంటు గట్టుకు తగిలి మూడు ముక్కలైంది.

కాసేపు అతనికి ఏం చేయాలో పాలుపోలేదు. హైమ వచ్చాక చెప్పేద్దామనే అనుకున్నాడు. ఆమె ఏడుస్తుంది, ఎందుకు తీశారంటుంది, చిన్నపిల్లాణ్ణి మందలించినట్టు మందలిస్తుంది. ఇంతకుముందే నలుగురిలో అంత పెద్దరికం రుచి చూసినవాడికి అది మింగుడుపడలేదు. రేపు చెబుదాంలే అనుకుని ముక్కల్ని పేపర్లో చుట్టి, గోడ అవతలి మురిక్కాలవలోకి విసిరేశాడు. ఐదు సాసర్ల మీద ఐదు కప్పులు పెట్టి, ఆరో కప్పును వాటి వెనక ఉత్తగానే నిలబెట్టి బీరువా మూశాడు. హైమ సినిమా పాట కూనిరాగం తీస్తూ ఇంటికి వచ్చింది. అంత సంతోషంగా ఉన్న మనిషితో ఆ మాట ఎట్లా ఎత్తాలో తెలియలేదు. మర్నాడూ తెలియలేదు. తర్వాత ఆ సంగతే వెనకబడిపోయింది, ఎందుకంటే టైర్ల షేరు అంచు దాటింది.

అనుకున్నదానికన్నా జోరుగా పెరిగింది. ఆ ఆదివారం వచ్చినవాళ్లందరూ ఖమ్మంలో ఏజెంటు దగ్గరికి వెళ్లి కొనుక్కున్నారు. ఎల్లస్వామి కొత్తగూడెంలో ఇంటికి స్లాబు వేద్దామని దాచిందంతా అందులో పెట్టాడు. వెంకటరామారావు కనిపిస్తే చాలు, "సార్, మన సాసర్ ఎట్లున్నది?" అని అడిగేవాడు. క్యాంటీనులో ఇతనికి కుర్చీ లాగి వేసేవాళ్లు తయారయ్యారు. ఎప్పుడూ పలకరించని పెద్ద ఆఫీసరు ఒకాయన కారు ఆపి మరీ సలహా అడిగాడు. ఆ కబురు దమ్మపేట దాకా పోయింది.

ఒక శనివారం సాయంత్రం తండ్రి చెంచురామయ్య దగ్గరి చుట్టం ఒకాయన్ను వెంటబెట్టుకుని వచ్చాడు. కూర్చుంటూనే, "ఏదో నీకు బాగా తెలుసంటున్నారు. మామిడితోట మీద వచ్చింది కొంత ఉంది. ఎందులో పెడితే బాగుంటుందో చెప్పరా" అన్నాడు. తండ్రి తనను సలహా అడగడం! వెంకటరామారావు గొంతు సవరించుకున్నాడు.

ఆ సమయంలోనే హైమ మామగారి కోసం టీ సెట్టు దించింది. సాసర్లు ఐదే వచ్చాయి. అర అంతా వెతికింది. కింది అరలు కూడా చూసింది. వెంకటరామారావు అది చూసి లేవబోయాడు. కానీ తండ్రి ఎదురుగా ఉన్నాడు. చుట్టం చేతిలో గ్రాఫు కాగితం ఉంది.

దొడ్లో కమ్లి గిన్నెలు తోముతోంది. మిల్లుకు అవతల, జామాయిల్ తోట దాటాక ఉన్న తండా నుంచి రోజూ నడిచి వచ్చి కాలనీలో నాలుగు ఇళ్లలో పని చేసుకునే మనిషి. ఆమె భర్త భీమ్లా మిల్లు వెదురు యార్డులో కాంట్రాక్టు కూలీ. వారానికోసారి అద్దాల బీరువా తుడిచేది కమ్లే.

హైమ మామూలుగానే అడిగింది. "కమ్లీ, బీరువా తుడిచేటప్పుడు సాసరు ఎక్కడైనా పక్కన పెట్టావా? ఒకటి కనబడటం లేదు."

"లేదమ్మా. నేను పైఅర ముట్టుకోనే ముట్టుకోను. మీరే వద్దంటిరి గదా."

"పోనీ జారి పగిలిందా? పగిలితే చెప్పు, నేనేమీ అనను."

"పగిలితే చెప్పకపోదునా అమ్మా?"

అప్పుడే పంచదార కోసం వచ్చిన బుల్లెమ్మగారు గడపలో నిలబడి వింది. ఆవిడకు నోరు ఊరుకోదు. "పగిలితే ముక్కలుండాలి గదమ్మా హైమా. ముక్కలు కూడా లేవంటే పగల్లేదన్నమాట. కాళ్లొచ్చి నడిచిపోయింది. ఈళ్లకి అందమైన వస్తువు కంటబడితే చెయ్యి ఊరుకోదు. చూడవే, తీసుంటే రేపు తెచ్చి పెట్టెయ్. ఎవరూ ఏమీ అనరు."

కమ్లి తోముతున్న గిన్నె కింద పెట్టేసి లేచి నిలబడింది. "నేను దొంగనా అమ్మా?"

మాటలు పెరుగుతున్నాయి. ముందుగదిలో చుట్టం తల తిప్పి చూశాడు. చెంచురామయ్య, "ఏమిట్రా అది?" అన్నాడు. వెంకటరామారావు చటుక్కున లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు. చెప్పాలంటే అదే సమయం. నోరు తెరిచాడు కూడా. కానీ వెనక తండ్రి వింటున్నాడన్న స్పృహ అతన్ని వదల్లేదు.

"పోనీలే హైమా. ఒక్క సాసరే కదా, వదిలెయ్" అన్నాడు.

ఆ మాట అతనికి చాలా ఉదారంగా వినిపించింది. బుల్లెమ్మగారు కూడా, "మీ ఆయన మంచితనం అది" అంది. కమ్లి మాత్రం అతని వంక సూటిగా చూసింది.

"పోనీలే అంటున్నరేంది సారూ? పోనీలే అంటే నేను తీసినట్టేనా?"

అతను ముందుగదిలోకి తిరిగి వచ్చాడు. తండ్రి పక్కన కూర్చుని గీతలు చూపించడం మొదలుపెట్టాడు. తను ఏం చెప్పాడో తర్వాత అతనికి గుర్తులేదు.

మర్నాడు పొద్దున కాఫీలు తాగుతుండగా గేటు దగ్గర చప్పుడైంది. భీమ్లా ఒక పెద్ద గోనెసంచి భుజాన వేసుకుని వచ్చాడు. పక్కన కమ్లి తల మీద బిందె, చంకలో గంప. ఇద్దరూ గేటు లోపలికి వచ్చి, మెట్ల ముందు సిమెంటు గచ్చు మీద తెచ్చినవన్నీ ఒక్కొక్కటే దించి పరిచారు. సొట్టలు పడ్డ అల్యూమినియం గిన్నెలు, రెండు సత్తు పళ్లేలు, అతుకు వేసిన స్టీలు బిందె, మసిబారిన రొట్టెల పెనం, ఒక మూత లేని డబ్బా, పగిలిన పిడి ఉన్న గరిటె. చివరికి గంపలోంచి రెండు గాజు గ్లాసులు తీసి, జాగ్రత్తగా పక్కన నిలబెట్టింది కమ్లి.

"మా ఇంట్ల ఉన్నయన్నీ తెచ్చినం సారూ. ఇంక ఏం లేవు. మీది ఏదన్న ఉంటే తీస్కోండ్రి" అన్నాడు భీమ్లా. గొంతులో కోపం లేదు. యార్డులో వెదురు లెక్క అప్పజెప్పినట్టే చెప్పాడు.

వీధిలో పోతున్నవాళ్లు ఆగారు. ఎదురింటి ఆడవాళ్లు వసారాలోకి వచ్చారు. ఒక కుటుంబం వండుకుని తినే సామానంతా ఎండలో అట్లా నేల మీద ఉంటే చూడటానికి ఎవరికీ మొహం చెల్లలేదు. అయినా చూశారు. హైమ పరుగున మెట్లు దిగి, "అయ్యో, ఇదేంటి కమ్లీ! నిన్ను తెమ్మన్నానా? తీసెయ్, తీసెయ్" అంటూ తనే గిన్నెలు సంచిలో వేయబోయింది. కమ్లి ఆమె చెయ్యి పక్కకు జరిపింది.

"సారును చూడమనమ్మా. సారు చూసినంకనే తీస్తం."

వెంకటరామారావు కిటికీ ఊచలు పట్టుకుని లోపల నిలబడి ఉన్నాడు. గదిలో తండ్రి, చుట్టం. బయట సగం కాలనీ. ఇప్పుడు నిజం చెబితే పగలగొట్టినవాడిగా మాత్రమే కాదు, నిన్నటి నుంచి నోరు మూసుకున్నవాడిగా కూడా తేలతాడు. నిన్న చెప్పి ఉంటే చిన్న తప్పు. ఇవాళ అది కొండంత అయింది. కిటికీలోంచే, "తీసుకెళ్లిపొమ్మను హైమా. ఏమీ లేదులే" అన్నాడు.

భీమ్లా కిటికీ వైపు ఒక్క చూపు చూసి గిన్నెలు ఎత్తుకున్నాడు. ఆ రోజు నుంచి కమ్లి ఆ ఇంటికి రాలేదు. మిగిలిన మూడిళ్లవాళ్లు కూడా వారంలోపే ఏదో ఒక వంక చెప్పి ఆమెను మాన్పించేశారు. చెంచురామయ్య వెళ్తూ వెళ్తూ కొడుకు భుజం తట్టి, "పనివాళ్లతో గట్టిగా ఉండాలిరా" అన్నాడు.

ఆ తర్వాత వెంకటరామారావు యార్డు మీదుగా పోవడం మానేశాడు. ఆఫీసుకు చుట్టుతిరిగి వెళ్లేవాడు. అయినా ఎక్కడో ఒకచోట భీమ్లా ఎదురయ్యేవాడు. ఇదివరకు "నమస్తే సారు" అని నవ్వేవాడు. ఇప్పుడు పక్కకు తప్పుకుని నిలబడేవాడు, అంతే. ఆ పక్కకు తప్పుకోవడం చూస్తే వెంకటరామారావుకు ఒళ్లంతా చీదరగా ఉండేది. చీదర అతని మీద కాదు, తన మీదే. ఇంట్లో హైమ గిన్నెలు తోముకుంటూ, "ఆ మనిషి తీసి ఉండదేమోనండీ. అనవసరంగా అడిగానేమో" అని అప్పుడప్పుడూ అనేది. అతను పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

వేసవి ముదిరేసరికి మార్కెట్టు కూలింది. బ్యాంకుల్లో ఏదో కుంభకోణం బయటపడిందని పేపర్ల నిండా వార్తలు. టైర్ల షేరు వరుసగా పడిపోయింది. కొనేవాడే లేడు. గోడ మీది గీత కాగితం అడుగు దాటి కిందికి పోయింది. వెంకటరామారావు అమ్మలేదు, ఎవర్నీ అమ్మనివ్వలేదు. "నిదానంగా లేచిందే కదా, ఆగండి" అంటూ వచ్చాడు. ఇక ఆగేందుకు కూడా ఏమీ మిగల్లేదని తెలిసిన సాయంత్రం ఎల్లస్వామి ఇంటికి వచ్చాడు.

తిడతాడనే అనుకున్నాడు వెంకటరామారావు. నిజానికి తిట్టాలని కోరుకున్నాడు. ఎల్లస్వామి కుర్చీ అంచున కూర్చుని కాసేపు ఫ్యాను చూశాడు.

"మీరు బాధపడుతున్నరని ఆఫీసుల చెప్పిండ్రు సార్. అందుకే వచ్చిన. మీదేం తప్పు లేదు. బొంబాయిల ఎవడో చేసిన పనికి మీరేం జేస్తరు? మీరు మా మంచికే చెప్పిండ్రు. దాచిపెట్టుకోకుంట ఇంటికి పిలిచి మరీ చెప్పిండ్రు. గిసుంటి మనిషి ఎవడుంటడు సార్ ఈ కాలంల?"

"ఎల్లస్వామీ, అట్లా అనకు."

"ఎందుకనొద్దు? స్లాబు ఇంకో ఏడాదికి ఏస్కుంట. రేకులు ఉన్నయి గదా. మీరు మాత్రం మనసుల పెట్టుకోకుండ్రి."

అతను వెళ్లిపోయాక వెంకటరామారావు కుర్చీలోంచి లేవలేకపోయాడు. ఎల్లస్వామి సొమ్ము పోయింది, అయినా అతన్ని మంచివాడంటున్నాడు. కమ్లి ఒక్క వస్తువు తీయలేదు, అయినా దొంగ అయింది. రెండింటి మధ్యా తనే ఉన్నాడు. మంచివాడన్న పేరు అతనికి దొంగిలించిన బట్ట తొడుక్కున్నట్టు అనిపించింది.

హైమ దీపం పెట్టి వచ్చింది. భర్త మొహం చూసి ఆగింది. "షేర్ల గురించేనా? పోయినవి పోయాయి. మనమూ బతుకుతాం, వాళ్లూ బతుకుతారు."

"సాసరు నేనే పగలగొట్టాను" అన్నాడు.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అతను చెప్పుకుపోయాడు. ఆ ఆదివారం బీరువా తీసినది, చేతులు మారినది, తొట్టి దగ్గర జారినది, పేపర్లో చుట్టి కాలవలో వేసినది. కప్పును వెనక నిలబెట్టిన సంగతి కూడా చెప్పాడు. హైమ వింటూ వింటూ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. అమ్మ ఇచ్చినది పగిలిందని ఏడుస్తుందనుకున్నాడు. ఆమె సాసరు మాటే ఎత్తలేదు.

"ఆ రోజు వాళ్లు గిన్నెలు పరిచినప్పుడు మీరు కిటికీ దగ్గరే ఉన్నారు" అంది చివరికి.

"ఉన్నాను."

"నా చేతనే అడిగించారు. నేను అడుగుతుంటే లోపల కూర్చుని గీతలు చూపించారు." ఆమె లేచి నిలబడింది. "ఆమె నా చెయ్యి తోసేసింది తెలుసా? నాకెంత సిగ్గేసిందో! ఆ సిగ్గు నాది కాదన్నమాట. మీది నేను మోశాను."

రేపు చీకటి పడ్డాక తండాకు వెళ్లి చెప్పి వస్తానన్నాడు. హైమ ఒప్పుకోలేదు. "వాళ్లు చీకట్లో రాలేదు. ఎండలో వచ్చారు. పొద్దున్నే వెళ్దాం. నేనూ వస్తాను" అంది.

మర్నాడు పొద్దున్నే జామాయిల్ తోట మధ్య బాట మీద ఇద్దరూ తండాకు నడిచారు. తండాలో పెద్దమనిషి రూప్‌సింగ్ మంచం వాల్చి కూర్చోమన్నాడు. వెంకటరామారావు కూర్చోలేదు. కమ్లి గుడిసె ముందు జొన్నలు చెరుగుతోంది. వాళ్లను చూసి కూడా చేట ఆపలేదు. భీమ్లా ఆ రోజు పనికి పోకుండా ఉన్నాడు, కాలికి దెబ్బ తగిలిందట. వెంకటరామారావు దారంతా కూర్చుకున్న మాటలు మరిచిపోయాడు.

"కమ్లీ, ఆ సాసరు నువ్వు తియ్యలేదు. నేనే పగలగొట్టాను. నాకు తెలుసు, తెలిసే ఊరుకున్నాను. నన్ను క్షమించు."

కమ్లి చేట పక్కన పెట్టింది. భర్తతో తమ భాషలో ఏదో అంది. భీమ్లా తల అడ్డంగా ఊపాడు. అప్పుడు ఆమె ఇటు తిరిగింది.

"ఈడ చెప్తే ఏం లాభం సారూ? ఈడ నన్ను దొంగ అన్నోళ్లెవరు లేరు. ఏడ అన్నరో ఆడ చెప్పండ్రి."

హైమ భర్త వంక చూసింది. అతను సరేనన్నాడు. మర్నాడు పొద్దున పాలబూతు దగ్గరికి రమ్మని వాళ్లకు చెప్పాడు.

కాలనీ మొత్తం ఒకచోట కనబడేది పొద్దున పాలబూతు దగ్గరే. మర్నాడు కమ్లి, భీమ్లా వచ్చి బూతుకు కొంచెం దూరంగా నిలబడ్డారు. కాలికి గుడ్డ కట్టుకుని భీమ్లా కుంటుతున్నాడు. క్యాన్లు దిగాయి. అందరూ గిన్నెలు పట్టుకుని వరుసలో ఉన్నారు. బుల్లెమ్మగారు ముందే ఉంది. ఎల్లస్వామి, బసవపున్నయ్య కూడా ఉన్నారు.

"ఒక్క మాట వినండి" అన్నాడు వెంకటరామారావు. ఎవరూ వినలేదు. మళ్లీ అన్నాడు. కొందరు తిరిగారు. షేర్ల సంగతేమో అనుకుని ఎల్లస్వామి ముందుకు వచ్చాడు.

"మా ఇంట్లో సాసరు పోయిందని, కమ్లి తీసిందని అనుకున్నాం కదా. అది పొరపాటు. ఏదో పొరపాటు జరిగింది."

"పొరపాటు కాదు సారూ" అంది కమ్లి అక్కడి నుంచే. "జరిగినట్టు చెప్పండ్రి."

వెంకటరామారావు మళ్లీ మొదలుపెట్టాడు. "సాసరు నేను పగలగొట్టాను. మా ఆవిడకు తెలియకుండా ముక్కలు పారేశాను. కమ్లిని దొంగ అంటుంటే వింటూ ఊరుకున్నాను. వాళ్లు గిన్నెలు తెచ్చి పరిస్తే కిటికీలోంచి చూస్తూ ఊరుకున్నాను. ఆమెకు ఏ పాపమూ తెలియదు."

అంతలో బసవపున్నయ్య ఫక్కున నవ్వాడు. "ఓస్! పెళ్లానికి భయపడి సాసరు దాచిన కథా? దీనికింత సభ ఎందుకయ్యా, మా ఇంట్లో పగలనిది ఏముంది?" ఇంకో ఇద్దరు నవ్వారు. ఆ నవ్వుతో వాతావరణం తేలికపడింది. వెంకటరామారావు పెదాలు కూడా కదిలాయి. వాళ్లతో కలిసి నవ్వేస్తే చాలు, ఇదంతా ఒక సరదా కథైపోతుంది. రేపటి నుంచి అందరూ అట్లాగే చెప్పుకుంటారు. అంతలో అతని చూపు కమ్లి మీద పడింది. ఆమె నవ్వేవాళ్లను ఒక్కొక్కరినీ చూస్తోంది.

"నవ్వకండి" అన్నాడు. గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "నవ్వే సంగతి కాదిది. ఈమెకు నాలుగిళ్లలో పని పోయింది, నా మూలాన."

నవ్వు ఆగింది. బుల్లెమ్మగారు గిన్నె ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "నేనేమైనా దొంగ అన్నానా? తీసుంటే ఇమ్మన్నాను, అంతేగా" అంది.

"అన్నరమ్మా" అంది కమ్లి.

బుల్లెమ్మగారు కొంగు భుజం చుట్టూ లాక్కుని పాలు తీసుకుని వెళ్లిపోయింది. ఎల్లస్వామి అక్కడే ఉన్నాడు. వెంకటరామారావు మొహంలోకి ఒకసారి చూశాడు. ఏదో అనబోయి, అనకుండా వరుసలో తన చోటికి వెళ్లాడు. మళ్లీ ఎప్పుడూ అతను, గిసుంటి మనిషి ఎవడుంటడు సార్, అనలేదు. వెంకటరామారావుకు ఆ రోజు కొంత నిద్రపట్టింది.

కాలనీలో మూడిళ్లవాళ్లు కమ్లిని మళ్లీ పిలిచారు. ముందు పిలిచింది బుల్లెమ్మగారే. కమ్లి వెళ్లింది, ఇల్లు గడవాలి కదా. హైమ కూడా అడిగింది, గేటు దాకా ఎదురువెళ్లి మరీ అడిగింది.

"నీ మీద కోపం లేదమ్మా. గా ఇంట్లకు రానీకి నాకు మనసొప్పుతలేదు" అంది కమ్లి. రోజూ వాళ్ల గేటు ముందు నుంచే బుల్లెమ్మగారింటికి పోయేది. ఆ వేళకు వెంకటరామారావు స్నానానికో, పూజకో లోపలికి వెళ్లిపోయేవాడు. ఒక్కోసారి మాత్రం బలవంతంగా వసారాలోనే నిలబడేవాడు, తప్పించుకోకూడదని. ఆమె అతన్ని చూసినా చూడనట్టు పోయేది.

ఈ సంగతి దమ్మపేట చేరడానికి ఎన్నో రోజులు పట్టలేదు. ఏదో పని మీద వెళ్తే చెంచురామయ్య కొడుకును పశువుల పాక వైపు తీసుకెళ్లాడు. మామిడితోట డబ్బు పోయినందుకు తిడతాడేమో అనుకున్నాడు వెంకటరామారావు. ఆయన ఆ మాట ఎత్తలేదు.

"ఇంట్లో చిప్ప పగిలితే పాలబూతు దగ్గర నిలబడి చెప్పుకుంటార్రా ఎవరైనా? నలుగురిలో మన పరువేం కాను?"

"ఆ పరువు కోసమే కదా నాన్నా, ముందు చెప్పనిది."

చెంచురామయ్య కొడుకును ఎగాదిగా చూశాడు. మళ్లీ ఎప్పుడూ అతన్ని సలహా అడగలేదు.

ఆ ఏడు వానలు తగ్గాక ఒక సంతరోజున హైమ, వెంకటరామారావు భద్రాచలం బస్టాండులో సారపాక బస్సు కోసం నిలబడ్డారు. అవతలి బెంచీ మీద కమ్లి కూర్చుని ఉంది, పక్కన కూరల మూట. ఆమే హైమను ముందు చూసి చెయ్యి ఊపింది. హైమ సంచి భర్త చేతిలో పెట్టి అటు వెళ్లింది. కమ్లి మూట జరిపి చోటిచ్చింది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో దేనికో నవ్వుకున్నారు కూడా. వెంకటరామారావు దగ్గరికి వెళ్దామా అని ఒక అడుగు వేసి ఆగిపోయాడు. ఎవరూ రావద్దనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు.

బస్సు వచ్చింది. జనం తోసుకుంటూ ఎక్కారు. ఆడవాళ్ల సీటులో హైమ, కమ్లి పక్కపక్కన కూర్చున్నారు. వెంకటరామారావు వెనక్కి జరిగి, రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు. ఇంటి దగ్గర దిగాక అడిగాడు.

"ఏమంది?"

"వాళ్లమ్మాయి నీళ్లాడిందట, మనవడు పుట్టాడు. భీమ్లా కాలు బాగైంది" అంది హైమ.

"నా గురించి ఏమైనా అడిగిందా?"

"లేదు" అని ఆమె గేటు తీసింది. అతను సంచి మోసుకుంటూ ఆమె వెనకాల లోపలికి నడిచాడు.